ప్రణాళికకు ముందు పరిశీలన

జనగామ జిల్లాలోని చిల్పూరు గుట్టమీద వెలసిన దైవమునకు బుగులు వేంకటేశ్వరస్వామి యని పేరు. మన ప్రాంతపు వాడుకలో బుగులు అనగా దిగులు, భయము. పెండ్లి కొరకు కుబేరునియొద్ద అప్పుచేసిన స్వామి, ఆ ఋణము తీరుటెట్లాయను చింతతో ఈ గుట్టకు వచ్చి గుహలో తపస్సు చేసెనని స్థలపురాణము చెప్పుచున్నది. భక్తులు ఈ కథను భక్తితో విందురు. అయితే సంసారులకును, సర్కారులకును పనికివచ్చు నీతి కూడ ఇందులో ఒకటి ఉన్నది. అప్పు చేయుటకు ముందు పడవలసిన బుగులును అప్పు చేసిన తరువాత పడినచో, తపస్సు తప్ప వేరు మార్గము మిగులదు.

అప్పు రూపాయలలోనే ఉండవలెనని లేదు. నేలను త్రవ్వినను, అడవిని కొట్టినను, నదికి అడ్డుకట్ట వేసినను మనము ప్రకృతివద్ద కొంత బాకీ పడుచున్నాము. ఆ బాకీ వలన కలుగు లాభము ఎంత, దానిని తీర్చవలసినవారెవరు, ఎన్నాళ్ళకు తీరును అను లెక్కనే నేడు పర్యావరణ ప్రభావ అంచనా అని పిలుచుచున్నారు. ఈ లెక్క అక్కరలేదని వాదించువారు నేడు అరుదు. చిక్కంతయు దానిని ఎప్పుడు వేయవలెననుచోటనే ఉన్నది. ఒక ప్రాంతమునకు ప్రభుత్వము విధానము నిర్ణయించి, ప్రణాళిక వ్రాయునపుడే ఈ లెక్క చూడవలెనా, లేక అన్నియు నిశ్చయమై గునపము దిగుటకు ముందు మాత్రము చూచిన చాలునా? నేటి ప్రసంగమున విచారింపబోవునది ఈ ప్రశ్ననే.

మొదట మన నేల స్వభావము చూతము. చిల్పూరు పరిసరములు ఎత్తైన మెట్టభూములు. పెద్ద నదులు దూరముగా ఉన్నవి. వాన పడిననాడు పారిన నీరే ఈ ఊళ్ళకు ఆధారము. అందుచేతనే పూర్వులు వాగులకును వొర్రెలకును కట్టలు పోసి చెరువులు కట్టిరి. పాకాల, రామప్ప, బయ్యారము చెరువులు కాకతీయ గణపతిదేవుని కాలమున వెలసినట్టివి. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువుకట్టమీది మైలాంబ శాసనము కాకతీయుల వంశచరిత్రకు ముఖ్యమైన ఆధారము. ఈ పెద్ద చెరువుల కన్నను మన విషయమునకు దగ్గరైనది చిన్న చెరువుల గొలుసుకట్టు. పై ఊరి చెరువు మత్తడి దూకిన నీరు దిగువ ఊరి చెరువులో చేరును. అది నిండి మరియొక ఊరికి పోవును. పై చెరువు మత్తడిని ఒక అడుగు ఎత్తు చేసినచో దిగువ ఊరి తరి కుష్కి యగును. పై కట్ట తెగినచో క్రింది కట్టలు వరుసగా తెగును. కావున గొలుసుకట్టులో ఒక్క చెరువును గూర్చి మాత్రమే నిర్ణయము చేయుట సాధ్యము కాదు. ఎవరు ఒప్పుకొన్నను ఒప్పుకొనకున్నను, ఆ నిర్ణయము గొలుసంతటికిని వర్తించును. ప్రాంతీయ దృష్టి అనునది పుస్తకములలో పుట్టిన మాట కాదు. ఏ నీరటికాడైనను ఎరిగినదే.

ఇక నేటి చట్టము ఏమి చెప్పుచున్నదో చూతము. 1976లో 42వ సవరణ ద్వారా పర్యావరణ రక్షణ ప్రభుత్వముల బాధ్యతగా రాజ్యాంగమున చేరినది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చినది. ఆ చట్టము క్రింద 1994 జనవరి 27న వెలువడిన ప్రకటన కొన్ని రకముల ప్రాజెక్టులకు ముందస్తు అంచనాను నిర్బంధము చేసినది. దాని స్థానమున 2006 సెప్టెంబరు 14న మరింత విపులమైన ప్రకటన వచ్చినది. గనులు, విద్యుత్ కేంద్రములు, ఆనకట్టలు, రసాయన కర్మాగారములు మున్నగు వానిని పరిమాణమును బట్టి వర్గములుగా విభజించి, కొన్నిటికి కేంద్రమును, కొన్నిటికి రాష్ట్రస్థాయి సంస్థయు అనుమతి నీయవలెనని నిర్ణయించిరి. ప్రాజెక్టు తలపెట్టినవారు నిపుణులచేత అంచనా నివేదిక వ్రాయింతురు. కాలుష్య నియంత్రణ మండలి ప్రకటన ఇచ్చి, ముప్పది దినముల గడువు పెట్టి, జిల్లా కలెక్టరు గాని, ఆయన ప్రతినిధి గాని అధ్యక్షత వహింపగా ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుపును. ఆ సభలో చెప్పిన మాటలు నివేదికతోపాటు నిపుణుల సంఘము ముందుకు పోవును. పిమ్మట షరతులతో అనుమతి యిత్తురు, లేదా నిరాకరింతురు.

ఇది మంచి ఏర్పాటే. కాని దీనికి పుట్టుకతో వచ్చిన పరిమితి యొకటి ఉన్నది. ఈ అంచనా ప్రాజెక్టు స్థాయిలో మాత్రమే జరుగును. అది జరుగునాటికి ప్రాజెక్టు కట్టవలెనా వద్దా, ఎక్కడ కట్టవలెను, ఎంత పెద్దది కట్టవలెను అను మూడు ముఖ్యమైన ప్రశ్నలకు సమాధానము వెనుకనే నిశ్చయమై యుండును. సంబంధము కుదిరి, శుభలేఖలు పంచి, పందిరి వేసిన తరువాత జాతకములు చూపించినట్లుండును. జ్యోతిష్కుడు ఎంత నిజాయితీపరుడైనను ఆ వేళ చెప్పగలిగినది శాంతి చేయించుడనుటయే. నేటి అనుమతులలో కనిపించు షరతులు చాలవరకు ఇట్టి శాంతులే: ఇన్ని మొక్కలు నాటవలెను, ఇంత దూరమున పచ్చని పట్టీ పెంచవలెను, బూడిదను ఇట్లు నిలువచేయవలెను. అవి అవసరమే, కాని అసలు ప్రశ్నకు సమాధానములు కావు.

ప్రభుత్వ నిర్ణయములకు నాలుగు మెట్లున్నవి. మొదటిది విధానము: మెట్ట ప్రాంతములకు సాగునీరు ఈయవలెననుట విధానము. రెండవది ప్రణాళిక: ఆ నీరు ఏ నదినుండి, ఏ దారిని, ఏ యే తాలూకాలకు అని గీచునది. మూడవది కార్యక్రమము: ఏ యేట ఏ పని, ఎంత ధనముతో అని వరుస కూర్చునది. నాలుగవది ప్రాజెక్టు: ఈ బ్యారేజీ, ఈ సొరంగము, ఈ జలాశయము. మన చట్టపు అంచనా నాలుగవ మెట్టున నిలిచియున్నది. పై మూడు మెట్లలో కూడ పర్యావరణపు లెక్కను చేర్చుటనే వ్యూహాత్మక పర్యావరణ అంచనా అందురు. ప్రాజెక్టు స్థాయి అంచనా "దీనివలన కలుగు హానిని ఎట్లు తగ్గింపవలెను?" అని అడుగును. పైస్థాయి అంచనా "ఈ అవసరము తీర్చుటకు ఎన్ని మార్గములున్నవి? వానిలో తక్కువ హాని ఎందులో ఉన్నది?" అని అడుగును. రెండును కావలసినవే, ఒకటి చేసినంత మాత్రమున రెండవది చేసినట్లు కాదు.

ఈ భేదము మన పాత వరంగల్లు జిల్లాలో చక్కగా కనిపించును. 2016 అక్టోబరులో ఆ జిల్లా విభజింపబడి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినవి. జనగామ జిల్లాలో స్టేషన్ ఘనపురమునకు చేరువగా చిల్పూరు ఉన్నది. భూపాలపల్లి జిల్లాలో గణపురము మండలమున చెల్పూరు ఉన్నది. పేర్లు విన్నవారు ఒకదానిని మరియొకటిగా పొరబడుట కద్దు. కాని ఆ రెండు ఊళ్ళకు పేరు పోలికయే కాక మరియొక బంధము కూడ ఏర్పడినది. చెల్పూరున కాకతీయ తాప విద్యుత్ కేంద్రము ఉన్నది. దాని రెండు దశలు కలిసి 1100 మెగావాట్లు. భూపాలపల్లి చుట్టునున్న సింగరేణి గనులలో బొగ్గు త్రవ్వుచున్నారు. చిల్పూరు వైపు పొలములకు గోదావరి నీరు ఎత్తిపోయవలెనన్న పెద్ద మోటార్లు తిరుగవలెను. మోటార్లు తిరుగవలెనన్న విద్యుత్తు కావలెను. రాష్ట్రపు విద్యుత్తులో పెద్ద భాగము బొగ్గునుండి వచ్చుచున్నది. గని, విద్యుత్ కేంద్రము, ఎత్తిపోతల, చెరువు, వరిమడి — ఇవన్నియు ఒకే గొలుసు. కాని గనికి ఒక నివేదిక, విద్యుత్ కేంద్రమునకు ఒక నివేదిక, కాలువకు మరియొక నివేదిక. గొలుసునంతయు కలిపి చూచు నివేదికను ఏ చట్టమును అడుగుట లేదు.

చిల్పూరు ప్రాంతమునకు గోదావరి నీరు తెచ్చినది దేవాదుల ఎత్తిపోతల పథకము, దానికి జె. చొక్కారావు గారి పేరు పెట్టిరి. ఏటూరునాగారము అడవుల అంచున గంగారము వద్ద నదినుండి నీరెత్తి, దశలు దశలుగా పైకి తెచ్చి, ధర్మసాగరము మీదుగా జనగామ మెట్టలకు చేర్చుట దాని ఉద్దేశము. చిల్పూరు మండలమున మల్లన్నగండి జలాశయము ఈ పథకములోనిదే. తరతరములుగా వాననే నమ్ముకొన్న రైతునకు ఆ నీరు ఎట్టి ఊరటయో వేరుగ చెప్పనక్కరలేదు. ఈ ప్రసంగము ఆ నీటిని కాదనుటకు కాదు. అయితే వరద తగ్గిన తరువాత, నదిలో నీటిమట్టము పడిపోయి, పంపులకు నీరందని స్థితి వచ్చెడిది. అందుచేత తుపాకులగూడెము వద్ద నదిపై బ్యారేజీని తరువాతి కాలమున నిర్మింపవలసి వచ్చినది. దానికి సమ్మక్క పేరు పెట్టిరి. మొదట పంపులు, పిదప వానికి నీరు నిలుపు బ్యారేజీ. ఏటికి ఎన్ని దినములు నదిలో తగినంత నీరుండును, ఆ నీటిమట్టమును నిలుపుటకు ఏమి కావలెను, అట్లు నిలిపినచో ముంపు ఎంత అను ప్రశ్నలు ప్రణాళిక మెట్టున ఒకేసారి అడుగవలసినవి. విడివిడిగా అడిగినందున సమాధానములు కూడ విడివిడిగా, ఆలస్యముగా వచ్చినవి.

కాళేశ్వరము కథ ఇంకను స్పష్టమైనది. మొదట 2008లో ప్రాణహిత నదిపై తుమ్మిడిహెట్టి వద్దనుండి నీరు మళ్ళించు పథకము తలపెట్టిరి. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట ఆ పథకమును మార్చి, భూపాలపల్లి జిల్లాలోని మేడిగడ్డకు తెచ్చిరి. మహారాష్ట్రలో ముంపు, నీటి లభ్యత ఆ మార్పునకు కారణములుగా చెప్పబడినవి. 2016 మే 2న శంకుస్థాపన, 2017 డిసెంబరులో పర్యావరణ అనుమతి, 2019 జూన్ 21న ప్రారంభోత్సవము — ఈ మూడు తేదీల వరుసను గమనింపుడు. అనుమతికి ముందు జరిగిన పనులు త్రాగునీటి కొరకని, అందుకు ముందస్తు అనుమతి అవసరము లేదని ప్రభుత్వము వాదించినది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 అక్టోబరు 20న ఆ వాదమును త్రోసిపుచ్చి, పనులు చాలవరకు జరిగిన తరువాత ఇచ్చిన అనుమతి చట్టమునకు విరుద్ధమని తీర్పు చెప్పినది. కాని అప్పటికే బ్యారేజీలు లేచి, నీరు పారుచుండెను. కావున జరిగిన హానిని లెక్కకట్టి, దానిని సరిచేయు మార్గములు సూచించుటకు నిపుణుల సంఘమును నియమింపుమని ఆదేశించుటయే ట్రిబ్యునల్‌కు మిగిలిన మార్గమైనది. తీర్పు గట్టిదే, వేళ మించిపోయినది.

2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీలో కొన్ని స్తంభములు క్రుంగినవి. అది కట్టడమునకు సంబంధించిన దోషము. దానిని పర్యావరణ అంచనా లోపముగా చెప్పుట న్యాయము కాదు. కాని 2024 ఫిబ్రవరిలో శాసనసభకు సమర్పించిన కాగ్ నివేదిక ఈ పథకముపై పెట్టిన ప్రతి రూపాయికి 52 పైసలే ప్రతిఫలముగా వచ్చునని లెక్కకట్టినది. తుమ్మిడిహెట్టియా, మేడిగడ్డయా, ఎంత నీరు, ఎంత ఎత్తునకు, ఎంత విద్యుత్తుతో అను తూకము శంకుస్థాపనకు ముందే ప్రజల ఎదుట పెట్టి చూచియుండినచో, నిర్ణయము ఏదైనను కానిండు, కారణములైనను అందరికిని తెలిసి యుండెడివి. ప్రణాళికా స్థాయి అంచనా వలన కలుగు మొదటి మేలు ఇదియే: ప్రత్యామ్నాయములను ప్రక్క ప్రక్కన నిలిపి చూపుట.

పలు చిన్న పనుల మొత్తపు ప్రభావమును చూచుట రెండవ మేలు. హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరువు ఇందుకు చేదు పాఠము. అక్కడ ఒక్కొక్క కర్మాగారము తన హద్దులలో చిన్నదే. అన్నియు కలిసినపుడు వాగులును చెరువులును, బావులును పాడైనవి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశములోని 88 పారిశ్రామిక ప్రాంతములను మొత్తముగా కొలిచి చూడగా 43 తీవ్ర కాలుష్య ప్రాంతములని తేలినవి. వానిలో పటాన్‌చెరువు–బొల్లారమును, విశాఖపట్టణమును ఉన్నవి. 2010 జనవరిలో ఆ ప్రాంతములకు క్రొత్త అనుమతులను కొంతకాలము నిలిపివేసిరి. ప్రాంతమును ప్రాంతముగా కొలుచుట సాధ్యమే యని దీనివలన తెలిసినది. అయితే కొలిచినది జబ్బు ముదిరిన పిమ్మట.

జబ్బు రాకముందే చేసిన పని కూడ ఒకటి మనయెదుట ఉన్నది. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయముల రక్షణకై 1996లో ప్రభుత్వము 111 సంఖ్య గల ఉత్తర్వు వెలువరించి, పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామములలో కాలుష్యకారకమైన పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించినది. కర్మాగారము వెంట కర్మాగారముగా వాదించుటకు బదులు నీరు వచ్చు నేలనంతటిని ఒకే నియమము క్రిందికి తెచ్చిన విధానమది. 2000లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించినది. అయితే 2022లో ప్రభుత్వమే మరియొక ఉత్తర్వుతో ఆ ఆంక్షలను తొలగింప నిశ్చయించినది. విధానమును మార్చుకొను అధికారము ప్రభుత్వమునకు ఉన్నది. కాని ఒక చిన్న గనికి కూడ నివేదిక అడుగు చట్టము, 84 గ్రామముల భవిష్యత్తును మార్చు విధానమునకు ఏ నివేదికయు అడుగకపోవుట విచిత్రము కాదా?

ఈ విచిత్రమును కొన్ని దేశములు చాలకాలము క్రిందటనే గుర్తించినవి. 1970 జనవరి 1న అమలులోనికి వచ్చిన అమెరికా చట్టము ప్రాజెక్టులకే కాక, ప్రభుత్వము ప్రతిపాదించు శాసనములకును పర్యావరణ నివేదిక ఉండవలెనని చెప్పినది. ఐరోపా సమాజము 2001లో ప్రణాళికలకు, కార్యక్రమములకు అంచనాను తప్పనిసరి చేసినది. 2003లో కీవ్ నగరమున కుదిరిన ఒప్పందము 2010లో అమలులోనికి వచ్చినది. మన దేశపు 2006 జాతీయ పర్యావరణ విధానము కూడ ప్రాంతీయ, సంచిత అంచనాలను ప్రోత్సహింపవలెనని చెప్పినది. కాని ప్రోత్సాహము వేరు, నిర్బంధము వేరు.

క్రొత్త చట్టము వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? అక్కరలేదు. రాజ్యాంగములోని 243 జెడ్‌డి అధికరణము ప్రతి జిల్లాకును ప్రణాళికా సంఘము ఉండవలెనని చెప్పుచున్నది. పంచాయతులు, పురపాలక సంఘములు వేసిన ప్రణాళికలను ఆ సంఘము ఒక్కటిగా కూర్చవలెను. అట్లు కూర్చునపుడు నేల వినియోగము, నీటి పంపకము, ప్రకృతి వనరులు, పర్యావరణ రక్షణ అను వానిని లెక్కలోనికి తీసికొనవలెనని ఆ అధికరణములోనే ఉన్నది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము భూగర్భజలముపై అధికారములు ఇచ్చుచున్నది. పదకొండవ షెడ్యూలు చిన్నతరహా నీటిపారుదలను, వాగుల పరీవాహక అభివృద్ధిని పంచాయతుల విషయములలో చేర్చినది. పాత్రలన్నియు ఇంటిలోనే ఉన్నవి. పొయ్యి వెలిగించుట మిగిలినది.

జిల్లా ప్రణాళికా సంఘము ముందుకు ఒక పథకము వచ్చినపుడు అడుగదగిన ప్రశ్నలు అయిదింటిని ఇచట చెప్పుదును. ఈ అవసరము తీర్చుటకు ఇతర మార్గములు చూచితిరా? ఎగువ దిగువ గ్రామములపై, ప్రక్క జిల్లాపై దీని ప్రభావమేమి? ఇదివరకే ఉన్న, రానున్న పనులతో కలిసినపుడు మొత్తము భారము ఎంత? నడుపుటకు ఏటేట కావలసిన విద్యుత్తు, ధనము, నీరు ఎచటినుండి వచ్చును? లాభపడువారెవరు, నష్టపడువారెవరు, వారిని ఎప్పుడు అడిగితిరి?

ఒక్క ఉదాహరణము చూడుడు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయుటకు తలపెట్టిన కార్యక్రమము. పూడిక తీసి, ఆ ఒండ్రును పొలములకు తోలుట రెండు విధముల మేలు. కాని చెరువు అడుగును మితిమీరి త్రవ్వినచో నీటిని పట్టియుంచు బంకమన్ను పొర పోయి నీరు ఇంకిపోవును. ఇంకిన నీరు బావులవారికి లాభము, తూముక్రింది తరివారికి నష్టము. ఇందులో ఏది కావలెనో ఒక్క చెరువును చూచు ఇంజనీరు నిర్ణయింపలేడు. ఆ గొలుసులోని ఊళ్ళన్నియు, చేపలు పట్టువారు, బట్టలుతుకువారు, శిఖము భూమిలో పశువులను మేపువారు కూడ కలిసి కూర్చుండినపుడే తేలును.

ఇందువలన జాప్యమగునని కొందరు శంకింతురు. నిజమే, మొదట కొంత కాలము పట్టును. కాని కోర్టులలో గడచు సంవత్సరములను, మధ్యలో మార్చిన నమూనాల ఖర్చును, తరువాత చేర్చవలసివచ్చిన బ్యారేజీలను లెక్కించినచో ఆ మొదటి ఆలస్యము స్వల్పము. అయితే ఒక జాగ్రత్త అవసరము. నివేదిక ఇంగ్లీషులోనే ఉండి, సంగ్రహము మాత్రమే తెలుగున ఇచ్చినచో రైతు అడుగదలచిన ప్రశ్న అడుగలేడు. 2020లో క్రొత్త ప్రకటన ముసాయిదా వచ్చినపుడు దానిని రాజ్యాంగములోని 22 భాషలలోనికి తర్జుమా చేయింపుమని ఢిల్లీ హైకోర్టు ఆదేశింపవలసి వచ్చినది. తెలియని భాషలో అడిగిన అభిప్రాయము అభిప్రాయమే కాదు.

చిల్పూరు గుట్ట దిగి వచ్చు రైతునకు ఈ పెద్ద మాటలతో పని లేదు. తన ఊరి చెరువులోనికి నీరు వచ్చునా, ఏటేట వచ్చునా, దానికి ప్రతిగా తాను గాని, చెల్పూరువైపు మరియొక రైతు గాని ఏమి కోల్పోవలసి వచ్చును అనునదే ఆతని ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుట ప్రభుత్వముల విధి. పని మొదలుకాక మునుపే అడుగుట మన విధి. అప్పు పత్రముపై వ్రాలు చేయకముందు పడిన బుగులు భయము కాదు, వివేకము.